పోతపని కార్మికుని కొడుకు ఆల్‌ఫ్రెడ్ వెర్నర్

మన వసతిగృహ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారి జీవితం, జ్యోతిరావు ఫూలే గారి జీవితం ఎన్నిసార్లు చదివినా మనకు తనివి తీరదు. ఈసారి ఆ పేజీలు సంపాదకవర్గం వారు మాకు అప్పగించారు. మేము చదివింది రసాయనశాస్త్రం గనుక అందులోంచే ఒకరిని ఎంచుకున్నాం.

ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముళ్ళకు ఈ పేరు కొత్త కాదు. సమన్వయ సమ్మేళనాల పాఠంలో వెర్నర్ సిద్ధాంతం ఉంటుంది. స్టడీ అవర్లో ప్రాథమిక సంయోజకత, ద్వితీయ సంయోజకత అంటూ పైకి చదువుతుంటే పక్కవాడు విసుక్కుని దుప్పటి ముసుగెట్టే పాఠం అదే. మేమూ అలాగే బట్టీ పట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుని మరచిపోయాం. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషి తండ్రి కొలిమి దగ్గర చెమటోడ్చినవాడని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మళ్ళీ ఆయన దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది మా పీజీ ప్రాజెక్టు వల్ల. మాకు ఇచ్చిన పని వినడానికి చిన్నది. విరళ మృత్తికల ద్రావణంలో మలినంగా చేరిన అల్యూమినియంను వేరుచేయాలి, అంతే. విరళ మృత్తికలు అంటే లాంథనం నుంచి లుటేషియం దాకా పదిహేను మూలకాలు, వాటికి తోడు స్కాండియం, ఇట్రియం, మొత్తం 17. పేరులో విరళం అని ఉన్నా భూమిలో అవి మరీ అంత అరుదు కాదు. వాటిని శుభ్రంగా విడదీయడమే కష్టం.

మన విశాఖ వాళ్ళకు ఇవి దూరపు సరుకు కాదు. భీమిలి వైపు అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, ఆ నల్ల ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్‌లతోపాటు కొద్దిగా మోనజైటు కూడా ఉంటుంది. మన దేశంలో విరళ మృత్తికలకు ముఖ్యమైన ఖనిజం ఆ మోనజైటే. 1950ల మొదట్లోనే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాఘవరావు గారు, ఆయన శిష్యులు మోనజైటులోని థోరియంను విరళ మృత్తికల నుంచి విడదీసే పద్ధతుల మీద పనిచేసి విదేశీ పత్రికల్లో ప్రచురించారు. అచ్యుతాపురం దగ్గర బార్క్ ఆవరణలో సమేరియం, కోబాల్టు కలిపి అయస్కాంతాలు తయారుచేసే కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. ఇక అల్యూమినియం సంగతి చెప్పనక్కరలేదు. ఒడిశాలోని దమన్‌జోడిలో బాక్సైటు నుంచి తీసిన అల్యూమినా రైలెక్కి వచ్చి మన పోర్టులోనే ఓడలకెక్కుతుంది. మా నాన్న ఆ పోర్టులో కాంట్రాక్టు కూలీగా పాతికేళ్ళు చేశారు. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్ళం మేమే.

ప్రాజెక్టులో మేము ముందుగా మాకు తెలిసిన పనే చేశాం. ద్రావణంలో అమ్మోనియా చుక్కచుక్కగా వేసి ఆమ్లత తగ్గించుకుంటూ పోయాం. పీహెచ్ 4 దాటితే అల్యూమినియం హైడ్రాక్సైడుగా పడటం మొదలవుతుంది, విరళ మృత్తికలు 6 దాటేదాకా కరిగే ఉంటాయి, కాబట్టి మధ్యలో ఆపి వడగడితే సరిపోతుందని మా లెక్క. లెక్క తప్పు కాదు. కానీ పడింది పొడి కాదు, చల్లారిన గంజి. వడపోత కాగితం మీద పోస్తే గంటకు నాలుగు చుక్కలు దిగలేదు. చివరికి దిగాక పరీక్షిస్తే, ఆ జిగురు మాకు కావలసిన లాంథనంను కూడా కొంత తన కడుపులో దాచుకుంది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అంతే. రాత్రి ఎనిమిదికి హాస్టలుకు వచ్చేసరికి మెస్సు మూసేసేవారు. మా గైడు గారు కోప్పడలేదు గాని, ఇంటర్ పుస్తకం తీసి వెర్నర్ పాఠం మళ్ళీ చదవమన్నారు. పీజీ వాళ్ళకు అంతకన్నా అవమానం ఏముంటుంది? అయినా చదివాం. ఆ పాఠం దగ్గర ఆగక ఆ మనిషి జీవితం కూడా చదివాం.

ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ 1866 డిసెంబరు 12న అల్సాస్ ప్రాంతంలోని ముల్‌హౌస్ పట్నంలో పుట్టారు. అది మిల్లుల ఊరు. తండ్రి జాన్ ఆడమ్ వెర్నర్ లోహం కరిగించి పోతపోసే ఫౌండ్రీలో పనివాడు. తల్లి కాస్త కలిగిన ఇంటి ఆడపడుచు. ఆల్‌ఫ్రెడ్ నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. మన గాజువాక వైపు, ఉక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను చూసినవాళ్ళకు ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఆ కుర్రవాడికి నాలుగేళ్ళప్పుడు ఫ్రాన్సుకూ జర్మనీకీ యుద్ధం వచ్చింది. 1871లో అల్సాస్ జర్మనీ చేతికి పోయింది. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకుంటారు, బయట ప్రభుత్వం జర్మనుది. జీవితాంతం ఆయన మనసు ఫ్రాన్సు వైపే ఉండేదంటారు, రాసింది మాత్రం ఎక్కువగా జర్మను భాషలో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డ మనకు ఈ విషయం చదివితే కొంచెం ధైర్యం వస్తుంది. మాకైతే వచ్చింది.

చదువు మొదట మతగురువుల బడిలో, తర్వాత 1878 నుంచి వృత్తివిద్యా పాఠశాలలో. మన లెక్కన ఐటీఐ, పాలిటెక్నిక్‌ల మధ్యరకం అనుకోవచ్చు. రసాయనశాస్త్రం పిచ్చి పట్టింది అక్కడే. పద్దెనిమిదేళ్ళకే సొంతంగా పరిశోధన మొదలుపెట్టి, ఒక వ్యాసం రాసి, ఆ ఊరి రసాయన విద్యాలయం అధిపతికి పట్టుకెళ్ళి ఇచ్చాడు. ఆ వ్యాసం గొప్పదేమీ కాదు. కానీ పెద్దాయన తలుపు తట్టి ఇచ్చిన తెగువ ఉంది చూశారూ, అది మనలో చాలామందికి పీజీ అయ్యాక కూడా రాదు.

1885లో తప్పనిసరి సైనిక సేవ కింద కార్ల్‌స్రూహేకు పంపారు. అక్కడ కూడా ఖాళీ దొరికితే కాలేజీకి పోయి రసాయనశాస్త్ర ఉపన్యాసాలు విని వచ్చేవాడు. మరుసటి ఏడాది స్విట్జర్లాండులోని జూరిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ లెక్కల్లో ఆయన పరిస్థితి బాగుండేది కాదు. బొమ్మలు గీసి చేయవలసిన జ్యామితిలో కూడా వెనకబడ్డాడు. ఇది వింతే. ఎందుకంటే తర్వాత ఆయనకు పేరు తెచ్చింది పరమాణువుల జ్యామితి. కాగితం మీద గీత గీయడం వేరు, మనసులో ఆకారాన్ని తిప్పి చూడగలగడం వేరు అని మాకు అనిపిస్తుంది.

1889లో డిప్లొమా, 1890లో డాక్టరేటు వచ్చాయి. గురువు ఆర్థర్ హాంట్జ్ ఆయనకన్నా కొన్నేళ్ళే పెద్ద. కార్బన్ చుట్టూ నాలుగు బంధాలు నాలుగు మూలలకు చూస్తాయని అప్పటికే వాంట్ హాఫ్, లె బెల్ చెప్పి ఉన్నారు. నత్రజని సమ్మేళనాలకు కూడా అలాంటి ఆకారం ఉంటుందని గురుశిష్యులు చూపించారు. ఆ తర్వాత కొన్నాళ్ళు పారిస్ వెళ్ళి బెర్తెలో దగ్గర పనిచేసి తిరిగి జూరిక్ వచ్చారు.

ఇప్పుడు అసలు కథ. ఆ కాలంలో రసాయన శాస్త్రవేత్తలకు ఒక పెద్ద తలనొప్పి ఉండేది. కోబాల్ట్ క్లోరైడు అనే లవణానికి అమ్మోనియా కలిపితే రంగురంగుల స్ఫటికాలు వచ్చేవి. ఆరు అమ్మోనియాలు చేరితే పసుపు, అయిదు చేరితే ఊదా కలిసిన ఎరుపు, నాలుగు చేరితే ఆకుపచ్చ. కోబాల్టుకు మూడు సంయోజకతలు ఉన్నాయి, అవి మూడు క్లోరిన్లతో సరిపోయాయి. మరి ఈ అమ్మోనియాలు ఎక్కడ పట్టుకుని వేలాడుతున్నాయి? ఇంకో చిక్కు కూడా ఉంది. సిల్వర్ నైట్రేటు వేస్తే క్లోరైడు తెల్లగా పడాలి. పసుపు లవణంలో మూడూ పడతాయి. ఊదాఎరుపు దాంట్లో రెండే పడతాయి. ఆకుపచ్చ దాంట్లో ఒక్కటే. మిగిలినవి ఎక్కడ దాక్కున్నాయి?

కోపెన్‌హాగన్‌లో సోఫుస్ మాడ్స్ యోర్గెన్‌సెన్ అనే పెద్ద శాస్త్రవేత్త ఈ లవణాల మీదే జీవితం పెట్టారు. చేయి తిరిగిన ప్రయోగశాల మనిషి. అమ్మోనియాలు ఒకదాన్నొకటి పట్టుకుని రైలుపెట్టెల్లా గొలుసు కడతాయని స్వీడను శాస్త్రవేత్త బ్లామ్‌స్ట్రాండ్ చెప్పిన మాటను యోర్గెన్‌సెన్ గట్టిగా నమ్మి, దానికి మెరుగులు దిద్దారు.

1893లో ఇరవై ఆరేళ్ళ వెర్నర్, అప్పటిదాకా ఈ లవణాలను పెద్దగా ముట్టుకోనివాడు, వేరే మాట చెప్పారు. అర్ధరాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చి, పరిష్కారం కళ్ళముందు కనబడి, లేచి కూర్చుని సాయంత్రం అయిదు గంటల దాకా ఆపకుండా రాశారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఈ కథను మాస్టార్లు ఇష్టంగా చెబుతారు. మాకు మాత్రం ఇది పిల్లలకు చెప్పవలసిన పద్ధతిలో చెప్పడం లేదనిపిస్తుంది. అంతకుముందు మూడేళ్ళు నత్రజని చుట్టూ బంధాలు ఎటు చూస్తాయోనని అదే పనిగా ఆలోచించినవాడికే ఆ కల వచ్చింది. చదవకుండా పడుకుంటే మనకు రాదు.

ఆయన చెప్పినది మన హాస్టలు భాషలో చెప్పుకుందాం. ఒక గదిలో ఆరు మంచాలు ఉన్నాయనుకోండి. కోబాల్టు ఆ గది. ఆరు మంచాలూ నిండాలి, అది గది నియమం. ఆరుగురూ అమ్మోనియాలే అయితే మూడు క్లోరిన్లూ వరండాలో పడుకుంటాయి. అయిదుగురే అమ్మోనియాలైతే ఆరో మంచం మీదికి ఒక క్లోరిన్ వచ్చేస్తుంది, వరండాలో రెండే మిగులుతాయి. నలుగురైతే రెండు లోపల, ఒకటి బయట. సిల్వర్ నైట్రేటు రాత్రి తనిఖీకి వచ్చే వార్డెన్ లాంటిది. వరండాలో ఉన్నవాళ్ళను మాత్రమే పట్టుకుంటుంది, గదిలో తలుపు వేసుకున్నవాళ్ళ జోలికి పోదు. మూడు, రెండు, ఒకటి అన్న లెక్క ఇలా సరిపోయింది. మంచాల సంఖ్యే సమన్వయ సంఖ్య.

ఆ ఆరూ ఎలా అమరి ఉంటాయన్నది రెండో మాట. ఒకటి పైన, ఒకటి కింద, నాలుగు చుట్టూ నాలుగు దిక్కులా. దాన్నే అష్టముఖి అంటాం. ఆయన దగ్గర దీనికి అప్పట్లో ప్రత్యక్ష రుజువు లేదు. పరమాణువును చూసే సాధనం అప్పటికి లేదు. పైగా తన వాదనకు వాడుకున్న ప్రయోగాలలో చాలాభాగం యోర్గెన్‌సెన్ చేసినవే. ఒక పెద్దాయన ఏళ్ళతరబడి కొలిచి పెట్టిన లెక్కలు తీసుకుని, ఆ పెద్దాయన సిద్ధాంతమే తప్పని ఒక కుర్రవాడు చెప్పడం అన్నమాట. ఆ తర్వాత కొద్ది నెలలకే జూరిక్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది, 1895లో పూర్తిస్థాయి ప్రొఫెసర్ అయ్యారు. తమాషా ఏమిటంటే చాలా ఏళ్ళు ఆయన చెప్పవలసిన పాఠాలు కర్బన రసాయనశాస్త్రంలోవి.

ఉద్యోగం వచ్చింది గాని చోటు లేదు. విద్యార్థులు పనిచేసిన గదులు నేలమాళిగలో ఉండేవి. పగలు కూడా దీపం పెట్టుకోవాలి, గాలి ఆడదు. పిల్లలు వాటిని సమాధుల సొరంగాలని పిలుచుకునేవారు. కొత్త భవనం 1909 దాకా రాలేదు. మన నీళ్ళ ట్యాంకు, మన పెచ్చులూడే స్లాబు గుర్తొచ్చినప్పుడల్లా మేము ఆ నేలమాళిగ తలచుకుంటాం. అలాగని చీకటి గదే గొప్ప పరిశోధనకు కారణమని ఎవరూ అనకూడదు. మంచి గది ఇచ్చి ఉంటే పని ఇంకా ముందే అయ్యేది.

ఆ గదుల్లో దాదాపు రెండు వందల మంది ఆయన దగ్గర డాక్టరేటుకు పనిచేశారు. వాళ్ళలో ఆడపిల్లలు కూడా ఉన్నారు. అప్పట్లో యూరపులో చాలా విశ్వవిద్యాలయాలు ఆడవాళ్ళకు తలుపులు పూర్తిగా తెరవలేదు, జూరిక్ తెరిచింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎడిత్ హంఫ్రీ అనే అమ్మాయి 1901లో ఆయన దగ్గర డాక్టరేటు తీసుకుంది. ఆయనకు సహాయకురాలిగా పనిచేసిన మొదటి మహిళ కూడా ఆమే.

యోర్గెన్‌సెన్‌తో వాదం దాదాపు పదిహేనేళ్ళు సాగింది. ఒకరి వ్యాసానికి ఒకరు జవాబు రాసుకున్నారు. తూలనాడుకోలేదు. వాదం తేలింది మాటలతో కాదు, కొలతలతో. మూడు అమ్మోనియాలు, మూడు క్లోరిన్లు ఉన్న ఇరిడియం లవణంలో గొలుసు సిద్ధాంతం ప్రకారం ఒక క్లోరిన్ బయటికి రావాలి. వెర్నర్ లెక్కన మంచాలు ఆరూ నిండిపోయాయి, వరండాలో ఎవరూ లేరు. కొలిస్తే ఎవరూ లేరు. స్నేహితుడు మియోలాటితో కలిసి ఇలాంటి లవణాల ద్రావణాల్లో కరెంటు ఎంత పారుతుందో కొలిచినప్పుడు కూడా మంచాల లెక్కే నిలిచింది.

ఆకారం మాటకొస్తే, నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు అష్టముఖిగా అమరితే రెండే రకాలు రావాలి. క్లోరిన్లు పక్కపక్కన ఉన్నది ఒకటి, ఎదురెదురుగా ఉన్నది ఇంకొకటి. ఆరూ బల్లపరుపుగా చుట్టూ ఉంటే మూడు రకాలు రావాలి. అప్పటికి దొరికింది ఆకుపచ్చది ఒక్కటే. రెండోది చూపించమని ఎదుటివాళ్ళు అడుగుతూనే ఉన్నారు. పద్నాలుగేళ్ళు వెతికాక 1907లో ఊదారంగు స్ఫటికాలు జూరిక్‌లో దొరికాయి. యోర్గెన్‌సెన్ అప్పటికి డెబ్భై ఏళ్ళవాడు. తన సిద్ధాంతం పోయిందని ఒప్పుకున్నాడు. ఓడిపోయినవాడిని మనం తక్కువగా చూస్తాం గాని, ఆయన అంత నిజాయితీగా కొలవకపోయి ఉంటే వెర్నర్‌కు నిలబడే నేల ఉండేది కాదు.

అయినా వెర్నర్‌కు తృప్తి లేదు. రెండే దొరికాయంటే మూడోది ఇంకా దొరకలేదని కూడా ఎవరైనా అనవచ్చు. ఆయన ఇంకో దారి ఆలోచించారు. కొన్ని అష్టముఖి అణువులు కుడికాలి చెప్పూ ఎడమకాలి చెప్పూ లాగా ఉంటాయి. కొలతలన్నీ ఒకటే, కానీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఒకటి ధ్రువణ కాంతిని కుడికి తిప్పుతుంది, రెండోది ఎడమకు. బల్లపరుపు ఆకారంలో అయితే ఇది కుదరదు. అమెరికా నుంచి వచ్చిన విక్టర్ కింగ్ అనే శిష్యుడు ఏళ్ళతరబడి ఒకే పని, కరిగించడం, స్ఫటికం చేయడం, మళ్ళీ కరిగించడం, వందలసార్లు చేశాడు. 1911లో విడిపోయాయి. కోబాల్టు సమ్మేళనం కాంతిని తిప్పింది. అయినా కొందరు నమ్మలేదు. అందులో కార్బన్ ఉంది కదా, తిప్పింది అదేనేమో అన్నారు. 1914లో కార్బన్ అసలే లేని సమ్మేళనాన్ని కూడా కుడి, ఎడమలుగా విడదీసి చూపించారు. ఆ సమ్మేళనాన్ని మొదట తయారుచేసింది మళ్ళీ యోర్గెన్‌సెనే. ఆ ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు. వెర్నర్‌కు నోబెల్ బహుమతి అంతకు ముందు ఏడాది, 1913లో వచ్చింది. అకర్బన రసాయనశాస్త్రంలో అలాంటి పనికి ఆ బహుమతి అందుకున్న మొదటివాడు ఆయన. ఆ తర్వాత అరవై ఏళ్ళకు, 1973లో గాని మరొకరికి రాలేదు.

ఇక మా గంజి సంగతి. అల్యూమినియం, లాంథనం రెండూ మూడు ధనావేశాలు ఉన్నవే. అందుకే కలిసి తిరుగుతాయి. కానీ వెర్నర్ పాఠం చదివాక ఆవేశం కాదు, మంచాలు లెక్కపెట్టాలని తెలిసింది. అల్యూమినియం అయాను చిన్నది, వ్యాసార్ధం సుమారు 54 పీకోమీటర్లు. దాని చుట్టూ ఆరు చోట్లే. లాంథనం 103, విరళ మృత్తికలన్నిటిలో చిన్నదైన స్కాండియంను పక్కన పెడితే లుటేషియం కూడా 86. వీటి చుట్టూ నీళ్ళలో ఎనిమిదో తొమ్మిదో చోట్లు ఉంటాయి. డిగ్రీలో మనం వాడిన ఇ.డి.టి.ఎ. ఆరు చేతులతో పట్టుకునే కారకం. దాంతో విడదీద్దామంటే కుదరదు, లాంథనంను ఎంత గట్టిగా పట్టుకుంటుందో అల్యూమినియంనూ ఇంచుమించు అంతే గట్టిగా పట్టుకుంటుంది. పైగా అల్యూమినియం తన చుట్టూ ఉన్న నీటిని అంత తొందరగా వదలదు. ప్రాక్టికల్స్‌లో అల్యూమినియంకు ఇ.డి.టి.ఎ. ఎక్కువగా పోసి, వేడిచేసి, మిగిలినదాన్ని జింకుతో వెనక్కి కొలవమనేది అందుకే. మేము డిగ్రీలో కారణం తెలియకుండానే వేడిచేశాం.

దారి చూపించింది ఆక్సాలిక్ ఆమ్లం. ఆక్సలేటుకు రెండు చేతులు. మూడు ఆక్సలేట్లు వస్తే అల్యూమినియం ఆరు చోట్లూ నిండిపోతాయి. ఇంక ఎవరికీ చోటు లేదు, మొత్తం మీద రుణావేశం వచ్చి నీటిలో హాయిగా కరిగి ఉంటుంది. క్రోమియంతో చేసిన ఇలాంటి మూడు ఆక్సలేట్ల సమ్మేళనాన్నే వెర్నర్ 1912లో కుడి, ఎడమలుగా విడదీశారు. లాంథనం దగ్గర కథ వేరు. దానికి చోట్లు ఎక్కువ. ఒక్కో ఆక్సలేటు ఇటొక లాంథనంను, అటొక లాంథనంను పట్టుకుని వల అల్లేస్తుంది. ఆ వల కరగదు, తెల్లటి స్ఫటికాల పొడిగా అడుక్కు దిగుతుంది. మేము ఆమ్లత ఉంచి, వేడి ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం నెమ్మదిగా కలిపాం. ఆ రోజు వడపోత పావుగంటలో అయిపోయింది. పొడిని కడిగి, కొలిమిలో 900 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆక్సైడు మిగిలింది. అల్యూమినియం కింది నీళ్ళలో ఉండిపోయింది.

ఇందులో ఖర్చు ఉంది, దాచకూడదు. ఒక్క లాంథనంకు ఒకటిన్నర ఆక్సలేటు చాలు, ఒక్క అల్యూమినియం మూడు తినేస్తుంది. మలినం ఎక్కువైతే సరుకు కన్నా మలినానికే ఎక్కువ ఆమ్లం పోయాలి. అందుకే పరిశ్రమల్లో అల్యూమినియంను ముందే చాలావరకు తగ్గించుకుంటారు, లేదా సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం వంటి కారకంతో దాన్ని కట్టిపడేసి పని జరుపుతారు. ద్రావణి నిష్కర్షణకు పోయే ద్రావణంలో అల్యూమినియం మిగిలితే నూనె, నీరు విడివడకుండా మజ్జిగలా కలిసిపోతాయి. ఆక్సలేటు ఉన్న మురుగునీటిని కూడా ఊరికే వదలకూడదు, అది విషం. సముద్రం మీద బతికే ఊరు మనది.

వెర్నర్ ఇవన్నీ చూడలేదు. విరళ మృత్తికల జోలికి ఆయన పెద్దగా పోలేదు కూడా. ఆయన పనిచేసిన జూరిక్ విశ్వవిద్యాలయంలోనే తర్వాత ష్వార్జెన్‌బాక్ అనే శాస్త్రవేత్త ఇ.డి.టి.ఎ.తో లోహాలను కొలిచే పద్ధతులను 1945 నుంచి వృద్ధిచేశారు. అమెరికాలో స్పెడింగ్ బృందం సిట్రేటుతో, తర్వాత ఇ.డి.టి.ఎ.తో విరళ మృత్తికలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసింది. అందరూ లెక్కపెట్టింది ఆయన చెప్పిన చోట్లనే.

ఆయన వ్యక్తిగత జీవితంలో అన్నీ మెచ్చుకోవలసినవే అని మేము రాయలేం. 1894లో ఎమ్మా గీస్కర్‌ను పెళ్ళాడారు, ఒక కొడుకు, ఒక కూతురు. ఆ ఏడే స్విస్ పౌరసత్వం తీసుకున్నారు. బిలియర్డ్సు, చదరంగం, పేకాట అంటే ఇష్టం. పరీక్షల్లో కఠినుడు, కోపిష్టి. పని చేస్తే ఒళ్ళు తెలియకుండా చేసేవారు, మద్యం కూడా బాగా తాగేవారు. రెండూ కలిసి మనిషిని తినేశాయి. నోబెల్ వచ్చిన కొన్నాళ్ళకే రక్తనాళాలు గట్టిపడే జబ్బు ముదిరింది, జ్ఞాపకం, మాట తడబడ్డాయి. 1915లో పెద్ద తరగతి ఉపన్యాసాలు మానుకోవలసి వచ్చింది. 1919 అక్టోబరు 15న పదవి వదులుకున్నారు. సరిగ్గా నెలకు, నవంబరు 15న, జూరిక్‌లో పోయారు. యాభై మూడు నిండలేదు. మన పేటల్లో ఆ వయసుకు తాగి పోయిన పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు గనుక ఈ మాట రాయడానికి మాకు చేయి ఆడలేదు. రాయకపోతే అబద్ధమవుతుంది.

ఆయన పోయిన రెండేళ్ళకు, 1921లో, ఎక్స్ కిరణాలతో ఒక ప్లాటినం లవణాన్ని పరీక్షించారు. లోహం చుట్టూ ఆరు క్లోరిన్లు, పైన ఒకటి, కింద ఒకటి, నాలుగు దిక్కులా నాలుగు. ఆయన శిష్యులు నేలమాళిగలోనూ, తర్వాత కొత్త భవనంలోనూ తయారుచేసిన రంగురంగుల లవణాల సీసాలను జూరిక్ విశ్వవిద్యాలయం పారేయకుండా దాచింది. 1991లో లండనులోని రాయల్ కెమిస్ట్రీ సొసైటీకి నూట యాభై ఏళ్ళు నిండినప్పుడు స్విట్జర్లాండు వాళ్ళు కానుకగా అందులోంచి కొన్ని స్ఫటికాలు పంపారు. అవి ఎడిత్ హంఫ్రీ తన చేతులతో చేసినవి.